పెంపుడు దోమలు

కోల్‌కతాలో నా ఉద్యోగం దోమలను పెంచడం. మా ల్యాబ్‌లో దోమల మందుల పరీక్షలకు కావలసిన దోమలను ఏడాది పొడవునా సిద్ధంగా ఉంచాలి. పొద్దున్నే ట్రేలలో ఈదే పిల్లపురుగులకు కుక్కబిస్కెట్ల పొడి చల్లుతాను. వల కట్టిన పెట్టెల్లోని పెద్దవాటికి పంచదార నీళ్లలో తడిపిన దూది పెడతాను. గుడ్లు పెట్టాల్సిన ఆడవాటికి పల్చటి పొర చాటున గోరువెచ్చటి మేకరక్తం. తోటి బెంగాలీలు నన్ను "మశార్ మా" అంటారు, దోమల తల్లి అని. మొదట్లో నేనూ నవ్వేదాన్ని.

ఒక వర్షాకాలం రేవు పక్కన మెటియాబ్రుజ్ పేటలో ఒక ఇంటికి నన్నే పంపారు, తెలుగువాళ్ల ఇల్లు కాబట్టి. ఇంటాయనది శ్రీకాకుళం వైపు, రేవులో పని. ఎనిమిదేళ్ల కూతురు డెంగీతో పోయి అప్పటికి పన్నెండు రోజులు. గుమ్మం పక్కన నీళ్ల డ్రమ్ము వంక ఎవరూ చూసినట్టు లేదు, నిండా పురుగులు. గరిటెతో తోడి సీసాలో పోసుకుంటుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏటి సేత్తారమ్మా ఈటిని?"

"ఏ మందుకి చస్తాయో చూస్తామండీ."

"ఒక్కటీ ఒగ్గకండి" అన్నాడు. చస్తాయన్న ముక్క ఒక్కటే ఆయన చెవికెక్కింది. నేనూ సరిదిద్దలేదు. బిడ్డను పోగొట్టుకున్న మనిషికి ఆ మాత్రం ఊరట ఉంటే ఏం పోతుందిలే అనుకున్నాను. నిజానికి త్వరగా నా పని ముగించుకుని బయటపడాలనే తొందర.

మందు పెట్టి చూడాలంటే ముందు వాటి సంతతి పెరగాలి. బాగానే పెరిగింది. పెట్టె మీద ఆ ఇల్లున్న సందు పేరు రాశాం. మరుసటి ఏడు అవి పెట్టే గుడ్లు తగ్గిపోతే, అదే చోటి నుంచి కొత్తవి తెమ్మని మా పై అధికారి మళ్లీ పంపించారు.

డ్రమ్ము బోర్లించి ఉంది. రోజూ తోమి ఎండబెడుతున్నారట. ఏ పూట నీళ్లు ఆ పూట వీధి కొళాయి నుంచి మోసుకుంటున్నారట. ఒక్క పురుగు లేదు. నాకు నిరాశ కలిగింది. అలా కలిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"అప్పుడట్టుకెల్లినవి సచ్చాయా అమ్మా?" అని అడిగాడాయన.

చచ్చాయనాల్సింది. ల్యాబ్‌లో ఇంగ్లీషులో 'మెయింటైన్' అంటాం, ఎవరికీ గుచ్చుకోదు. తెలుగులో నాకు ఒకటే మాట వచ్చింది.

"వాటి పిల్లలున్నాయండీ. పెంచుతున్నాం."

"పెంచుతున్నారా." ఆయన మెల్లగానే అడిగాడు. "ఏటెడతారు?"

అడిగినవాళ్లకల్లా చెప్పడం అలవాటై, బిస్కెట్ పొడి, పంచదార నీళ్లు, రక్తం, అన్నీ చెప్పేశాను. ఏ వేళకి పెడతామో కూడా చెప్పాను. ఎంత మొద్దునో. ఆయన వెళ్లి డ్రమ్ముకి ఆనుకుని కూర్చున్నాడు.

లోపలి నుంచి ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది. పోయినసారి ఆమె నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

"మా పిల్లకి ఆకరి ఐదు రోజులూ ఏటీ సయించలేదమ్మా" అంది. "గెంజి పోసినా కక్కీసింది. అయి రోజూ తింతాయా?"

"తింటాయమ్మా" అన్నాను.