తమ్ముడి అరవై

వీడియో గేము కొన్నవాడెవడైనా దాన్ని ఆడుకుంటాడు. తమ్ముడు ఆడడు. అది ఎలా నడుస్తోందో చూస్తాడు. అదే వాడి జబ్బు, అదే వాడి వైభోగం. నలభై నాలుగేళ్ళొచ్చాయి, ఇరవై గేములు కొన్నాడు, ఒక్కదాని ముగింపూ ఎరగడు.

అందులోనూ అన్ని గేములూ వాడికి ఆనవు. టీవీకి తగిలించే కన్సోల్ కోసం తయారై, తర్వాత కంప్యూటర్లోకి దిగినవే కావాలి. "కొందరు పసిపిల్లని దింపినట్టు దింపుతారక్కా, కొందరు సిమెంటు బస్తా దింపినట్టు దింపుతారు. ఎవరెలా దింపారో కనిపెట్టాలి" అంటాడు. కనిపెట్టమని ఎవరేడ్చారురా అంటే ఇంకో గేము కొంటాడు. తెర మూలన ఒక అంకె పెట్టుకుంటాడు. సెకనుకి అరవై బొమ్మలు మారితే ఆట నున్నగా సాగుతుందట, తగ్గితే తడబడుతుందట. అంకె అరవై ఉంటే మొహం వెలుగుతుంది. యాభైకి దిగిందంటే ఆ పూట అన్నం సహించదు.

చేసేది లిఫ్టు మెకానిక్కు పని. అక్కడా ఇదే వరస. నిండా నీళ్ళున్న గ్లాసు లిఫ్టులో కింద పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని తొమ్మిది అంతస్తులూ ఎక్కి దిగుతాడు. చుక్క తొణికితే మోటారు మళ్ళీ విప్పుతాడు. లిఫ్టెక్కబోయిన పెద్దమనుషులు గ్లాసునీ వాణ్ణీ చూసి మెట్లదారి పడతారు.

అక్క దర్జీ. హాల్లో ఈ గోడకి ఆవిడ కుట్టుమిషను, ఆ గోడకి వీడి కంప్యూటరు. కాబట్టి వాడి వేషాలన్నీ ఆవిడ కళ్ళముందే. ఒక గేములో రాజుగారిని శత్రువులు కోటలో బంధించారు. విడిపించాల్సిన వీరుణ్ణి తమ్ముడు నెల రోజులు ఒక ఫౌంటెన్ చుట్టూ తిప్పాడు.

"ఏరా, ఆ రాజుగారు ముసలాడై పోయేదాకా ఇక్కడే తిరుగుతావా?"

"నీళ్ళ దగ్గరే బండారం బయటపడుతుందక్కా. చూడు, నలభై రెండుకి పడిపోయింది."

"ఎవరు, రాజుగారా?"

"అంకె!"

ఒకసారి తోటి మెకానిక్కు భోజనానికి పిలిచాడు. ఆ ఇంటి కూతురు గేములో రాక్షసుడితో హోరాహోరీగా పోరాడుతోంది. వీడు వెనక నిలబడి, "అమ్మాయ్, ఒక్కసారి గోడ వైపు తిరుగు. గోడని చూస్తే ఎంతొస్తోందో చెప్పు" అన్నాడు. పాపం ఆ పిల్ల తిరిగింది. రాక్షసుడు వెనకనుంచి ఒక్కటిచ్చాడు. మళ్ళీ ఆ ఇంటినుంచి పిలుపు లేదు.

గేము చేసినవాళ్ళు తప్పులు దిద్ది తర్వాత పంపేదాన్ని ప్యాచ్ అంటారని వాడు చెబితే అక్క మూతి తిప్పింది. "అంటే అతుకే కదరా! కొత్త బట్టకి అతుకేసి ఇస్తే నా మొహాన కొడతారు."

ఇలా నవ్వుకుంటూ గడిచిపోయేదే. కానీ బావ సంగతి వచ్చేసరికి అక్కకి నవ్వు రాలేదు.

బావ, అంటే ఆవిడ మొగుడు, ముప్ఫయ్యొక్క ఏళ్ళు సిటీ బస్సు తోలినవాడు. నిరుడు పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆరునెలలకి చెయ్యి తిరిగొచ్చింది, ధైర్యం మాత్రం రాలేదు. వాడితేనే బాగుపడుతుందని డాక్టరు మొత్తుకున్నా, దాన్ని తువ్వాలు కింద దాచుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. మాటలు కూడా తగ్గిపోయాయి.

తమ్ముడు ఒక బస్సు గేము కొన్నాడు. దానికి స్టీరింగూ, పెడళ్ళూ కూడా తెచ్చాడు. అట్టపెట్టె విప్పుతుంటే బావ తనంతట తానే లేచొచ్చాడు.

"నేనెప్పుడు తోలాలిరా?"

"ఇప్పుడే కాదు బావా."

ఆ "ఇప్పుడే కాదు" మూడు వారాలు సాగింది. రోజూ తమ్ముడు ఒకటే మలుపు ముందుకీ వెనక్కీ తిప్పడం, అంకె చూసి నిట్టూర్చడం. బావ రెండుసార్లడిగాడు. మూడోసారి అడగలేదు. చెయ్యి మళ్ళీ తువ్వాలు కిందికి పోయింది.

ఆదివారం పొద్దున్న బావ స్నానానికి వెళ్ళగానే అక్క లేచి కంప్యూటరు ప్లగ్గు పీకేసింది.

"సిగ్గు లేదురా? ఆ మనిషి ఏడాదికి ఒక్క కోరిక కోరాడు. ఆయన కోసం తెచ్చి, నీ అంకెలకి వాడుకుంటావా?"

"బావ కోసమేనక్కా."

"ఏమిటి ఆయన కోసం? యాభై ఉంటే బస్సు కదలదా?"

"కదులుతుంది. కానీ మలుపులో తడబడుతోంది. స్టీరింగు ఇప్పుడు తిప్పితే బస్సు కాసేపాగి తిరుగుతోంది." గొంతు తగ్గించాడు. "నాకైతే తెలుసు, అది గేముని సరిగ్గా దింపనివాళ్ళ తప్పని. బావకి తెలీదు కదా. తన చెయ్యే అనుకుంటాడు. ఒక్కసారి అలా అనుకున్నాడంటే ఇంక జన్మలో స్టీరింగు ముట్టుకోడు."

అక్క చేతిలో ప్లగ్గు అలాగే ఉండిపోయింది.

"నీడలు తీసేశాను. వాన ఆపేశాను. రోడ్డు మీద జనాన్ని సగం చేశాను. పక్క అద్దాలు కూడా తీసేస్తే ఈపాటికి అరవై వచ్చేది. కానీ అద్దం చూడకుండా బావ బండి కదపడు కదా."

అక్క వంగి ప్లగ్గు పెట్టేసి, "ఆ రోడ్డు పక్క అన్ని చెట్లెందుకురా, కొట్టించెయ్" అని మాత్రం అంది. ఆ సలహా అయితే పనికొచ్చింది. చెట్లు పల్చబడ్డాయి, నాలుగో రోజుకి ప్యాచ్ కూడా వచ్చింది, మలుపులో అంకె అరవై దగ్గర నిలబడిపోయింది.

ఆ సాయంత్రం బావని కూర్చోబెట్టారు. ఎడమ అద్దం చూసుకున్నాడు, కుడి అద్దం చూసుకున్నాడు, కుడిచెయ్యి స్టీరింగు మీద పెట్టాడు. బస్సు బయల్దేరింది. మలుపు తిరిగింది. తిరిగి, ఎంచక్కా వెళ్ళి బస్టాపు స్తంభాన్ని గుద్దింది.

తమ్ముడు అంకె వంక చూసి, "గేము తప్పు కాదు బావా. అరవై ఉంది. పూర్తిగా నీదే!" అన్నాడు.

బావ స్తంభం వంక చూసి, పకపకా నవ్వాడు. "నాదే! తిప్పడం మరీ ఎక్కువైంది. చెయ్యి బలంగానే ఉందిరా, అలవాటే తప్పింది! మళ్ళీ పెట్టు."

బస్సు మళ్ళీ కదిలింది. అక్క సంతోషం పట్టలేక ఆయన భుజం మీద వాలి, "నెమ్మదండీ, అదిగో ముందు ఆటో" అంది.

"బండి నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడకూడదు. వెనక్కెళ్ళి కూర్చో" అన్నాడు బావ, వెనక్కి తిరక్కుండానే.

పుట్టాక ఎవరి మాటా వినని మనిషి, మారు మాట్లాడకుండా వెళ్ళి కుట్టుమిషను స్టూలు మీద కూర్చుంది.