కాగితాల్లో లేని పేరు

మా బందరు చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల్లో మనిషి పోతే, పెట్టె మూత వేసేముందు ఆ మనిషి జీవిత సంగ్రహం చదువుతారు. పుట్టిందెక్కడ, చదివిందెంత, పెళ్ళెప్పుడు, పిల్లలెందరు. పిల్లల పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే లేచి నిలబడతారు. ఎవరి పేరైనా వదిలేస్తే ఆ ఇంట్లో ఇరవయ్యేళ్ళు గుర్తుపెట్టుకుంటారు. కూతురి పేరు కోడలి పేరు తర్వాత వచ్చిందని సమాధుల తోటలోనే తగువుపడ్డవాళ్ళను చూశాను. ఆ కాగితం రాసి, చదివే పని పాతికేళ్ళుగా నాది. ఎవరూ పనిగట్టుకుని అప్పగించలేదు. బళ్ళో తెలుగు చెప్తారు కదా అని ఒక పాస్టరు గారు అడిగారు, కాదనలేకపోయాను, అంతే, నెత్తిన పడింది.

ఫోను రాగానే స్కూటరు మీద ఆ ఇంటికి వెళ్ళేవాణ్ణి. ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. నోటుబుక్కు తెరిచి అడగడం మొదలుపెడితే రెండు మూడు గంటలు పట్టేది. ఏడుస్తూ చెప్పేవాళ్ళు, మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళు, "అదెందుకు రాస్తారండీ" అని అడ్డుపడేవాళ్ళు. అన్నీ అయ్యాక పెన్ను జేబులో పెట్టుకుంటూ ఒక ప్రశ్న తప్పకుండా అడిగేవాణ్ణి: "ఇంకెవరన్నా ఉన్నారా?" అసలు సంగతులన్నీ అప్పుడే బయటికొచ్చేవి. ఊరొదిలి వెళ్ళిపోయిన తమ్ముడు, పసితనంలోనే పోయిన బిడ్డ, ఇంట్లోవాళ్ళతో మాటలు మానేసిన కూతురు. పెన్ను మళ్ళీ బయటికి తీయాల్సి వచ్చేది. నిజం చెప్పాలంటే విసుగ్గా ఉండేది. ఆకలేసేది కూడా.

రెండేళ్ళ క్రితం మా అల్లుడు నా ఫోన్లో ఏఐ పెట్టి ఇచ్చాడు.

"వివరాలు పడేయండి మావయ్యా, నిమిషంలో రాసిచ్చేస్తుంది."

పాతికేళ్ళుగా నేను గంటలకొద్దీ కూర్చుని రాసేది ఇది నిమిషంలో రాస్తుందా అని వెటకారం చేశాను. రాసింది. అక్షరదోషం ఒక్కటైనా దొరక్కపోతుందా అని కళ్ళజోడు పెట్టుకుని వెతికాను. దొరకలేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కానీ అలవాటు పడ్డాను. ముందుగా ఇంటికి వెళ్ళక్కర్లేదు, వాట్సాప్‌లో వివరాలు వస్తే చాలు. అలా మిగిలిన రెండు గంటలూ హాయిగా నడుం వాల్చానా అంటే, లేదు. మాస్టారు నిమిషంలో రాసిచ్చేస్తున్నారన్న మాట ఇటు గుడివాడ దాకా, అటు దివిసీమ దాకా పాకిపోయింది. నెలకు రెండు రాసేవాణ్ణి కాస్తా వారానికి నాలుగు రాయాల్సి వచ్చింది. వాటికి తోడు పాస్టర్ల వీడ్కోలు సభలకు సన్మాన పత్రాలు, సంఘాల వార్షికోత్సవ నివేదికలు. "నిమిషం పనే కదండీ" అనేవారు అందరూ. నిమిషంలో వచ్చినదాన్ని దిద్దడానికి గంట పడుతుందని ఎవరికి చెప్పుకోను? దాని దృష్టిలో పోయినవాళ్ళందరూ మృదుభాషులే. నోరు తెరిస్తే బూతు తప్ప రాని ఒక లారీ డ్రైవరును కూడా అలాగే రాస్తే, చూసుకోకుండా చదివేశాను. పెట్టె పక్కనే జనం కిసుక్కుమన్నారు. అప్పట్నుంచి ప్రతి వాక్యాన్నీ అనుమానంగా చూడటమే.

మా ఆవిడ ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది: "ఇదివరకు మీరు చావింటికి వెళ్ళొచ్చేవారు. ఇప్పుడు రోజూ చావు మనింట్లోనే."

పోయిన వానాకాలంలో ఒక శనివారం రెండు భూస్థాపనలు పడ్డాయి. పొద్దున పదింటికి గుడివాడలో, మధ్యాహ్నం మూడింటికి అవనిగడ్డ అవతల ఒక ఊళ్ళో. ఆ ఊరాయన రైతు, ఎనభై దాటినవాడు, భార్య ఎప్పుడో పోయింది. మనవడు ఇంట్లోవాళ్ళ ఆధార్ కార్డులు, రేషన్ కార్డు ఫొటోలు తీసి పంపాడు. వాటినే ఏఐకి ఇచ్చాను. గుడివాడలో పని ముగించుకుని, పామర్రులో బస్సు మారి, సీటు దొరక్క నిలబడే ఫోన్లో దిద్దుకున్నాను. చిన్నకొడుకు వయసు తప్పు పడితే పట్టుకున్నాను. నా అంతవాడు లేడనుకున్నాను. అవనిగడ్డ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని ఆటో ఎక్కాను.

వెళ్ళేసరికి పావుగంట ఆలస్యం. ఆకాశం నల్లగా దిగిపోయి ఉంది. పాస్టరు గారు ఎదురొచ్చి, "గోతిలో నీళ్ళూరుతున్నాయండీ, తొందరగా కానివ్వాలి" అన్నారు. ఆ నేలలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళే. సమాధుల తోటలో ఇద్దరు మనుషులు బకెట్లతో తోడుతూనే ఉన్నారట. పెద్దకొడుకు ఇంటికీ రోడ్డుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

షామియానా కింద పెట్టె. దాని తలవైపు చాపమీద యాభై ఏళ్ళ ఆవిడ కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది. పనికి పెట్టుకున్న మనిషేమో అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

చదవడం మొదలుపెట్టాను. "వారికి ముగ్గురు సంతానం." పెద్దకొడుకు పేరు చదివాను, లేచాడు. కూతురి పేరు చదివాను, లేచింది. చిన్నకొడుకు పేరు చదివాను, లేచాడు. అప్పుడు చాపమీది ఆవిడ విసనకర్ర పక్కన పెట్టి, నేలమీద చెయ్యి ఆనించి, ఒక మోకాలు పైకెత్తింది. నా వైపే చూస్తోంది. ముగ్గురూ కూర్చున్నారు, నేను మనవల పేర్లలోకి వెళ్ళిపోయాను. ఆవిడ కాసేపు అలాగే ఉండి, మెల్లగా కూర్చుని, మళ్ళీ విసనకర్ర తీసుకుంది.

జనం వైపు చూశాను. అందరూ తలలు దించుకున్నారు. ఒక్కరు కూడా ఆవిడ వైపు చూడటంలేదు. కాగితం మీద తర్వాతి వాక్యం, "పిల్లలందరినీ సమానంగా చూసుకున్నారు" అని ఉంది. దాన్ని నేను బస్సులో రెండుసార్లు చదివి బాగుందనుకున్నాను. ఇప్పుడు కాగితం దించేశాను.

"ఇంకెవరన్నా ఉన్నారా?" అని అడిగాను.

పాస్టరు గారు గడియారం చూసుకున్నారు. గొయ్యి దగ్గర్నుంచి ఒకతను పరిగెత్తుకొచ్చి, "మోకాలు దాటిందయ్యా, ఇంక తోడలేం" అన్నాడు.

"చదివెయ్యండి మాస్టారూ, కాగితాల్లో ఉన్నవాళ్ళే" అన్నాడు పెద్దకొడుకు, నా ముఖం చూడకుండా.

నా వెనక కూర్చున్న ఒక ముసలమ్మ నా చొక్కా లాగింది. "డెబ్భయ్యేడు ఉప్పెనలో దొరికిన పిల్ల బాబూ" అంది గొంతు తగ్గించి. "నాలుగేళ్ళప్పుడు ఎత్తుకొచ్చి పెంచుకున్నారు మొగుడూ పెళ్ళాం. వీళ్ళెవరూ పుట్టలేదప్పటికి. మంచాన పడ్డ మూడేళ్ళూ చాకిరీ చేసిందీ, పొద్దున స్నానం చేయించిందీ అదే."

తలవైపు కూర్చున్న ఆవిడే మాట్లాడింది. "చదివేయండి బాబూ, నా కోసం ఆగొద్దు. నాన్నని నీళ్ళల్లో పెట్టలేం కదా."

నాన్న అంది. ఎవరూ కాదనలేదు. పెద్దకొడుకు కూడా కాదనలేదు. నాకు ఆ పిల్లల మీద కోపం రాలేదు, నా మీద వచ్చింది. ఎప్పటిలా ముందే వచ్చి ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటే, ఈవిడే నాకు టీ తెచ్చి ఇచ్చేది. పెన్ను జేబులో పెట్టుకుంటూ అడిగి ఉండేవాణ్ణి. ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. నేను మిగుల్చుకున్న రెండు గంటలూ ఈవిడవి.

సరిదిద్దుదామంటే ఆవిడ పేరు నాకు తెలియదు. కాగితంలో లేదు, ఫోన్లో లేదు. ముసలమ్మ వైపు వంగి గుట్టుగా అడగొచ్చు. కానీ అందరి ముందూ వదిలేసిన పేరును గుట్టుగా తెచ్చుకోవడానికి మనసొప్పలేదు.

"మీ పేరేంటమ్మా?" అన్నాను. తండ్రికి చివరి స్నానం చేయించిన కూతుర్ని, పెట్టె దగ్గర, ఊరందరి ముందూ పేరడిగాను.

ఆవిడ లేచింది. కొంగు భుజం నిండా కప్పుకుంది. పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. పక్కన నిలబెట్టిన పెట్టె మూతమీద తెల్లరంగుతో రాసి ఉన్న ఇంటిపేరే అది.

"వారికి నలుగురు సంతానం" అని మళ్ళీ ఎత్తుకున్నాను. ముందు ఆవిడ పేరు చదివాను, తర్వాత మిగతా ముగ్గురివీ. కూతురు లేచింది, చిన్నకొడుకు లేచాడు, ఆఖరున పెద్దకొడుకు లేచాడు. వాళ్ళ అక్క అప్పటికే నిలబడి ఉంది.