పెంక మసి పూసిన టైరు

నా చిన్నప్పుడు మా తాండూరులో మోటారు సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండేవి. అందులో ఒకటి మా నాన్నది. ఊళ్లో అందరూ దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్లు. దాని చప్పుడు వీధి మొదట్లో వినగానే మా అమ్మ పెంక మీద జొన్నరొట్టె వేసేది. నాన్న బండి ఆపి కాళ్లు కడుక్కుని వచ్చేసరికి రొట్టె సరిగ్గా పొంగేది. ఆయన పశువుల దవాఖానలో కంపౌండర్. కొడంగల్, బొంరాస్‌పేట వైపు ఊళ్లన్నీ ఆ బండి మీదే తిరిగేవాడు. నాపరాళ్ల గనుల పక్కనుంచి పోయే రోడ్లు కదా, టైర్ల నిండా రాతి చెక్కల గాట్లే.

నాకు పదేళ్లప్పుడు నాన్న ఒక పెద్ద మాట అన్నాడు. ఎండాకాలం సెలవుల్లో అమ్మనూ నన్నూ బండి మీద బాపట్ల దాకా తీసుకుపోయి సముద్రం చూపిస్తానన్నాడు. మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక చూసిన పెద్ద నీళ్లు ఊరి చెరువు నీళ్లే. ఆమె ఆ వారంలోనే ట్రంకు పెట్టెలోంచి మంచి చీర తీసి ఎండకు వేసింది. నేనైతే అంతటితో ఊరుకోలేదు. బడిలో కనబడ్డ ప్రతి పిల్లకూ గవ్వలు తెస్తానని మాటిచ్చాను. టీచరమ్మకు శంఖం తెస్తానన్నాను. నా గొప్పలకు అంతూ పొంతూ లేకుండా పోయింది.

ప్రయాణం నాలుగు రోజులుందనగా నాన్న బండి పక్కన గొంతుక్కూర్చుని వెనక చక్రాన్ని మెల్లగా తిప్పి చూశాడు. టైరు నడిమి భాగం అరిగి నున్నగా అయింది, పక్కల బీటలు తేలాయి. అప్పట్లో కొత్త టైరు కావాలంటే దుకాణంలో పేరు రాయించుకుని నెలల తరబడి చూడాలి. నాన్న ఎప్పుడో రాయించాడు గానీ అది రాలేదు. రేపు చాచాకు చూపిద్దాం, పోవచ్చంటే పోదాం, వద్దంటే వచ్చే ఏడు చూద్దాం అని అమ్మతో అంటుంటే విన్నాను. రైలు గేటు అవతల టైర్లు బాగుచేసే ముసలాయనను ఊరంతా చాచా అనే పిలిచేది. టైరు విషయంలో ఆయన మాటే ఆఖరి మాట.

ఆ సాయంత్రం నాకొక ఉపాయం తట్టింది. తాండూరు పిల్లకు తప్ప ఇంకెవరికీ తట్టని ఉపాయం అది. మా ఇళ్లలో నేలంతా నాపబండలే. అవి తెల్లబారి కళ తప్పినప్పుడల్లా అమ్మ నేల కడిగి, ఆరాక గుడ్డతో పలచగా ఆముదం రాసేది. పొద్దటికి బండలు కొత్తగా పరిచినట్టు నల్లగా మెరిసేవి. పాతబడ్డమంటే రంగు పోవడమేనని నేను నమ్మాను. అరగడం వేరు, వెలిసిపోవడం వేరు అని నాకేం తెలుసు? అమ్మ నీళ్లకు పోయిన సందు చూసుకుని రొట్టెల పెంక అడుగున మసి గీకి, ఆముదంలో కలిపి, ఆ టైరుకు చుట్టూతా పట్టించాను. బీటల్లోకి కూడా వేలితో కుక్కాను. చీకటి పడేసరికి టైరు నిగనిగలాడింది. చేతులు బూడిదతో తోముకుని, ఏమీ ఎరగనట్టు ఎక్కాల పుస్తకం ముందు కూర్చున్నాను.

పొద్దున నేను లేచేసరికి నాన్న నీళ్ల గోలెం దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత నన్నూ రమ్మన్నాడు. ఎప్పుడూ నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని రివ్వున పోయే మనిషి, ఆ రోజు బండి ఎక్కలేదు. తోసుకుంటూ నడిచాడు. ఎందుకు నాయినా అంటే పెట్రోలు తక్కువుందన్నాడు. బరువైన బండి, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. దారిలో రెండుసార్లు ఆగి, చెమట తుడుచుకుని, నా మొహంలోకి చూశాడు. మొదటిసారి నేను చెప్పులు చూసుకున్నాను. రెండోసారి రైలు గేటు దగ్గర ఆగినప్పుడు పట్టాలు చూశాను.

చాచా దుకాణమంటే ఒక రేకుల చాటు, నీళ్లతొట్టి, గోడకు వేలాడే ట్యూబులు, అంతే. ఆయన దగ్గర ఒక సిగరెట్టు డబ్బా నిండా చింతగింజలుండేవి. టైరు గాడిలో గింజను నిలబెట్టేవాడు. గింజ సగం దాకా మునిగితే బండి పోవచ్చు, పైకి తేలితే పోవద్దు. అదీ ఆయన కొలత. ఆ రోజు గింజ తీయనే లేదు. టైరు వంక చూశాడు, నా వంక చూశాడు. నాన్న చాయ్ తాగొస్తానని రోడ్డు దాటి వెళ్లాడు.

చాచా టైరు మీద అరచెయ్యి వేసి ఒక్కసారి తిప్పి, ఆ చెయ్యి నా ముందు చాపాడు. నల్లగా ఉంది. ఎవరు చేశారని అడగలేదు. అడిగితే ఏ అబద్ధం చెప్పాలో దారంతా కూర్చుకుంటూ వచ్చాను, అది వృథా అయింది. ఆయన మెల్లగా లేచి, దుకాణం ముందు పరిచిన నాపబండ మీద ఇంత నూనె వేసి కాలితో రుద్ది, పైన నీళ్లు చల్లాడు. నా రెక్క పట్టుకుని దాని మీద నడవమన్నాడు. అడుగు పెట్టానో లేదో కాలు జర్రున జారింది. ఆయన పట్టు వదల్లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా తల ఆ బండకే కొట్టుకునేది.

“నిన్ను నేను పట్టుకున్న బిడ్డా,” అన్నాడు చాచా. “అనంతగిరి గుట్ట మలుపుల కాడ ఒక్క చినుకు పడితే, మీ నాయినను ఎవరు పట్టుకుంటరు? ఎనక మీ అమ్మ ఉంటది గద?”

నేనప్పటిదాకా టైరును చూశాను, సముద్రాన్ని చూశాను, గవ్వల కోసం చేతులు చాపే పిల్లలను చూశాను. ఆ టైరు మీద మా అమ్మ కూర్చుంటుందన్న సంగతి మాత్రం చూడలేదు. మంచి చీర కట్టుకుని, నాన్న భుజం పట్టుకుని కూర్చున్న అమ్మ కళ్ల ముందు కనబడింది. ఏడుపు తన్నుకొచ్చింది.

“నేను మీ నాయినకు చెప్ప. చెప్పుడు నీ పని,” అని ఆయన తన పనిలో పడిపోయాడు.

నాన్న తిరిగొచ్చాక ఆయన చొక్కా కొస పట్టుకున్నాను. చివరికి చెప్పాను. మసి, ఆముదం, పెంక, అన్నీ చెప్పాను. కొడతాడనుకున్నాను. నాన్న అక్కడున్న పాత టైరు మీద కూలబడి, నన్ను దగ్గరికి తీసుకుని, తన తువ్వాలతో నా ముక్కు తుడిచాడు. “సముద్రం యాడికి పోతది బిడ్డా? ఆడనే ఉంటది,” అన్నాడు. అంతే. ఆ మాటకు నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

నెల తర్వాత వికారాబాద్ దుకాణానికి టైర్లు వచ్చాయని కబురు తెలిసింది. నాన్న నన్ను వెంటబెట్టుకుని ప్యాసింజరు రైల్లో వెళ్లాడు. బయల్దేరేముందు చాచా తన డబ్బాలోంచి ఒక గింజ ఏరి నా చేతిలో పెట్టాడు. దుకాణదారు రెండు టైర్లు తెచ్చి పడేశాడు. ఒకటి అద్దంలా మెరుస్తోంది, రెండోదాని నిండా దుమ్ము. నాన్న పక్కకు తప్పుకుని నన్ను చూడమన్నాడు. ఆడపిల్ల టైరు చూస్తదా అని దుకాణదారు నవ్వాడు.

“జూస్తది. గీ పనిల ఆమెకు తెలిసినంత నాకు తెల్వదు,” అన్నాడు నాన్న, మొహంలో నవ్వన్నది లేకుండా.

ముందు మెరిసేదాని మీద అరచెయ్యి పెట్టి రాశాను. చెయ్యి నల్లబడింది. అంచు పట్టుకుని బలమంతా పెట్టి వంచితే సన్నటి బీటలు కనబడ్డాయి. ఎన్నేళ్లుగా ఎండ తగిలే చోట వేలాడిందో ఏమో, మెరుపు కోసం ఎవరో ఏదో రాశారు. నాకు చెప్పాలా ఆ విద్య! దుమ్ముపట్టినదాన్ని తుడిచి చూశాను. బీటల్లేవు, గాడిలో చింతగింజ సగానికి పైగా మునిగింది. ఇదే అన్నాను. తిరుగు రైల్లో పెట్టె తలుపు దగ్గర ఆ టైరు పడుకోబెట్టుకుని దాని మీదే కూర్చుని వచ్చాను. కొత్త రబ్బరు వాసనకు పక్కనున్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు, నాకైతే పండగలా ఉంది.

చాచా దాన్ని బిగించేటప్పుడు పక్కనే కూర్చుని చూశాను. ఇనుప పట్టీలతో పాతదాన్ని ఊడదీయడం, ట్యూబుకు పౌడరు రాయడం, టైరు పక్కనున్న బాణం గుర్తు బండి పోయే దిక్కుకే ఉండేలా పెట్టడం. కొత్త టైరు కూడా మొదట్లో జారుతుందని, దాని మీది నునుపు పోయేదాకా నాలుగు రోజులు నిమ్మళంగా నడపమని నాన్నకు చెప్పాడు. ఈలోపు వానలు పడ్డాయి, బడి తెరిచారు. గవ్వలేవని అందరూ అడిగారు. టైరు అరిగిపోయిందని చెప్పాను. దానికి మసి ఎవరు పూశారో కూడా చెప్పాను. మస్తు నవ్వారు.

మరుసటి ఎండాకాలం వెళ్లాం. మా అమ్మ సముద్రం ముందు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నిలబడి, ఇన్ని నీళ్లు పెట్టుకుని మనకు వానలివ్వడానికి ఏం రోగమని దాన్ని తిట్టింది.

అసలు సంగతి నాకు చాలా ఏళ్లకు తెలిసింది. నాన్న పోయాక ఒకరోజు అమ్మ మాటల్లో అంది. ఆ పొద్దున గోలెం దగ్గర నాన్న కడుక్కున్నవి నల్లటి చేతులు. నేను లేవకముందే ఆయన టైరు తడిమి చూశాడు. అందుకే బండి ఎక్కలేదు, నన్ను ఎక్కనివ్వలేదు. పెట్రోలు ఉంది. నేను తయారయ్యేలోపు చాచా దగ్గరికి పోయి మాట్లాడి వచ్చాడట కూడా. అంత ఎండలో అంత బరువు తోసుకుంటూ, రెండుసార్లు ఆగి, నేనే చెబుతానేమోనని చూశాడు. అమ్మ చెప్పిన రోజున నేను వంటింట్లో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను.

ఇప్పుడు నేను వికారాబాద్‌లో ఉంటున్నాను. మా కూతురి బిడ్డ హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఒక పెద్ద మోటారు సైకిలు కొనుక్కుంది, దూర ప్రయాణాలకని. ఈ నెల కన్యాకుమారికి పోతానని, నలుగురు స్నేహితురాళ్లం కలిసి పోతున్నామని వాళ్లమ్మతో చెప్పింది. పది రోజులుగా నాకు ఫోన్‌లో టైర్లు చూపిస్తోంది. ఊళ్లో తిరిగేవి వేరట, బురదకు వేరట, సామాను వేసుకుని దూరం పోయేవి వేరట. టైరు పక్కన నాలుగు అంకెలుంటే అది ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో తెలుస్తుందట. గాడి అడుగున చిన్న గట్టు ఉంటుందట, రబ్బరు అరిగి దానితో సమానమైతే టైరు మార్చాలట. అది చాచా చింతగింజే కదా అనుకున్నాను. కొత్తవి వచ్చాయని, రెండు వీధుల అవతల దుకాణంలో వేయించుకోవాలని శనివారం పొద్దున బండితో మా ఇంటికి వచ్చింది.

అయితే ముందురోజు కూరగాయల బజారులో ఆ స్నేహితురాళ్లలో ఒకరి తల్లి కలిసింది. వాళ్ల అమ్మాయికి సెలవు దొరకలేదని, మిగతావాళ్లు కూడా మానుకున్నారని ఆమె చెప్పింది. అంటే మా పిల్ల ఒక్కతే పోతోంది. పోవడం తప్పని నేననను, కానీ ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోవడమే నా భయం. ఆ రాత్రంతా నా మనసు మనసులో లేదు. పొద్దున దాన్ని చూడగానే నిలదీయాలనిపించింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

బండి దగ్గరికి వెళ్లి, అలవాటు కొద్దీ వెనక టైరు మీద అరచెయ్యి రాసి, ఆ చెయ్యి చూసుకున్నాను. ఆ మసి టైరు సంగతి జరిగి యాభై ఏళ్లు దాటినా ఈ చూసుకోవడం పోలేదు. మనవరాలు నన్ను వెనక కూర్చోమంది. ఆ ఎత్తు సీటు నేనెక్కలేను, తోసుకుంటూ పోదాం పదమన్నాను.

“గింత బరువుందే అమ్మమ్మా,” అని గునిసింది గానీ తోసింది. నేను వెనక సీటు మీద ఒక చెయ్యి వేసి పక్కనే నడిచాను. మొదటి వీధి మలుపులో ఆగి చెమట తుడుచుకుంది. నేను దాని మొహంలోకి చూశాను. అది తన బూట్లు చూసుకుంది. మళ్లీ కదిలాం. రెండో వీధిలో దుకాణం బోర్డు కనబడుతుండగా మళ్లీ ఆగింది. ఈసారి చెమట తుడుచుకోలేదు.

“అమ్మమ్మా, నీకొక మాట చెప్పాలె,” అంది.

బండి స్టాండు వేయమని చెప్పి, పక్కనే ఉన్న అరుగు మీద కూర్చున్నాను. చెప్పు బిడ్డా అన్నాను.