గుండీ వేసిన దారిలో కోటక్క

మగవాళ్ళ కోటు కోయడానికి ఆడదాని చెయ్యి పనికిరాదన్న షాపులోనే కోటు కోసి, దాన్ని ముందు అద్దాల వెనక వేలాడదీయించిన మనిషి కోటక్క. అదీ ఆమె మొదటి గెలుపు. ఊరికే రాలేదు. ఆ షాపు మాస్టరు ఆమెను కాజాలు కుట్టే మూల నుంచి కదలనిచ్చేవాడు కాదు. కటింగ్ బల్ల వైపు వస్తే చాలు, "అమ్మాయ్, ఇది కూరగాయలు తరిగే పీట కాదు" అనేవాడు. ఆమె బుట్టలో పారేసిన ముక్కల్ని ఇంటికి తీసుకెళ్ళి, నేల మీద పరిచి, ఏ ముక్క ఏ భుజం పక్క నుంచి తెగిందో, ఏది చంక దగ్గర మిగిలిందో కలిపి చూసుకునేది. తీసేసిన ముక్కల్ని బట్టి ఉంచిన కోటు ఎలా ఉంటుందో నేర్చుకున్న మనిషి లోకంలో ఇంకెవరైనా ఉన్నారేమో తెలియదు.

ఒక వానాకాలం మాస్టరు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. బల్ల మీద ఒక వకీలుగారి గుడ్డ ఉంది. ఆయన కొత్త పదవిలో చేరే రోజు ముంచుకొస్తోంది. కత్తెర పట్టడానికి ఇంకెవరికీ గుండె చాల్లేదు. ఆమె పట్టింది. వకీలుగారు తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ తిరిగి, "మాస్టరూ, ఈసారి భుజం బాగా కుదిరింది" అన్నాడు. మాస్టరు కట్టు కట్టిన చేత్తోనే ఆ భుజం తడిమి, తప్పు వెతికి వెతికి, దొరక్క, "నాది కాదు లెండి, ఆ పిల్లది" అన్నాడు. ఆమె ఆ తరవాత కోసిన కోటే అద్దాల వెనకకి ఎక్కింది. ఆనాటి నుంచి ఆమె అందరికీ కోటక్క. అసలు పేరు ఏమిటంటే ఇంటివాళ్ళు కూడా కాస్త ఆలోచించాలి.

తరవాత ఆమె సొంత షాపు పెట్టింది. వాద్య బృందం వాళ్ళకి ఆపాదమస్తకం బట్టలు కుట్టింది. ఒక భుజం కిందికి వాలిన గుమాస్తాకి కోటు కుట్టి ఇస్తే, ఆయన నిటారుగా కనిపించేసరికి సొంత తల్లే గుర్తుపట్టలేదట. ఆమె దగ్గర కత్తెర పట్టిన ఆడపిల్లలు ఇప్పుడు తలా ఒక బోర్డు కట్టుకున్నారు. ఆ బోర్డులన్నీ రాసింది మాత్రం ఒక్కడే, కోటక్క మరిది. బోర్డుల మీద రాయడమే తప్ప నోటితో మాట్లాడటం తక్కువ. పలకరిస్తే తలూపుతాడు, గట్టిగా పలకరిస్తే నవ్వుతాడు.

ఆయన భార్య, కోటక్క చెల్లెలు, గుండీ. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. షాపు వెనక గదిలో కూర్చుని గుండీలు కుట్టడం ఆమె పని. అక్క కోసిన ప్రతి కోటుకీ చివరి దారం ఆమెదే. చేతులు కుడుతుంటే కళ్ళు ఎదురుగా నిలబెట్టిన ఫోనులో పరాయి దేశాల రైళ్ళు చూస్తుండేవి. కొండల్లోంచి దూరే రైళ్ళు, నీళ్ళ పక్కన పోయే రైళ్ళు.

"ఏమే, ఆ రైళ్ళు నీకు కూడు పెడతాయా?" అనేది కోటక్క.

"పుట్టిన దగ్గర్నుంచీ కూర్చునే ఉన్నానక్కా. కూర్చున్నచోటే ఉండి ఊళ్ళు మారాలంటే రైలొక్కటే దారి. మా ఆయన్ని అడిగితే తలూపుతాడు. ఆ ఊపు అవుననో కాదనో తేల్చుకునేలోపు ముసలిదాన్నయిపోతాను. నువ్వైనా రా."

అలా మొదలైంది. గుండీ పరాయి దేశపు పటాన్ని ఖాకీ కాగితం మీదకి దించింది. కోటు నమూనాలు గీసుకునే కాగితమే. కటింగ్ బల్ల మీద పరిచి, దిగే ఊళ్ళలో గుండీలు పెట్టింది. విమానం దిగే మహానగరానికి నల్ల కోటు గుండీ. పాత కోటలున్న ఊరికి ఇత్తడిది. వంతెనల ఊరికి చొక్కా గుండీ. అన్నిటికన్నా చివర, సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరికి ముత్యపు చిప్ప గుండీ. మధ్యలో ఎర్ర దారం రైలు దారి. కోటు కోయాల్సి వచ్చినప్పుడల్లా కోటక్క ఆ ఊళ్ళన్నీ డబ్బాలో పోసేది. పని అవగానే గుండీ మళ్ళీ దేశం పరిచేది. "ఈమెకి అలుపు లేదు, దేశానికి నిలకడ లేదు" అని నవ్వుకునేవాళ్ళు షాపుకొచ్చినవాళ్ళు.

ఇల్లు కదలకుండానే ఆ రైళ్ళ గుట్టంతా గుండీ పట్టేసింది. అక్కడ రైలు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చివరి నిమిషందాకా బోర్డు మీద పడదు, కాబట్టి బోర్డు కిందే నిలబడాలి, కాఫీకి పోకూడదు. సరస్సు రైల్లో ఎడమవైపు కిటికీ పట్టాలి, కుడివైపు కూర్చుంటే రాతిగోడ చూసుకుంటూ పోవాలి. ఇలాంటివి కోటక్క కాలర్లు తిప్పుతూ సగం వినేది, సగం వదిలేసేది. "ఈ పెళ్ళిళ్ళ కాలం పోనివ్వవే" అనేది. అది పోయేది, ఇంకోటి వచ్చేది. ఒక ఏడాది మాత్రం గుండీ బల్ల మీది దేశాన్ని డబ్బాలో పోయనివ్వలేదు. రెండు చేతులూ చాపి పడుకుంది. "ఈసారి నా మీద కొయ్యి" అంది. కోటక్క నవ్వి, సరేనంది. పాస్‌పోర్టులొచ్చాయి. టికెట్లు కొన్నారు.

అయితే కోటక్కకో పద్ధతుంది. ఎంత దగ్గరివాళ్ళదైనా, ఎంత తొందరైనా, ట్రయల్ చూడకుండా కోటు గడప దాటనివ్వదు. కచ్చా కుట్టు మీద ఒకసారి తొడిగి చూడాల్సిందే. ప్రయాణానికీ అదే చట్టం. ఒక ఆదివారం ఇద్దరూ పెట్టెల్లో బరువుకి గుడ్డముక్కలు కుక్కి, ఊరి స్టేషన్లో రైలెక్కారు. జంక్షన్లో దిగాలి, వంతెన ఎక్కి అవతలి ప్లాట్‌ఫారానికి పోవాలి, ఇంకో రైలు పట్టుకోవాలి. రైలు మారడం వస్తే దేశమంతా వచ్చినట్టేనని కోటక్క లెక్క.

కోటక్క వంతెన మీదికి ఎక్కేసి వెనక్కి చూసింది. గుండీ మెట్ల మధ్యలో పెట్టె మీద కూర్చుని ఉంది.

"లేవవే. అది పెట్టె బరువు కాదు, నీ బద్ధకం బరువు."

"అక్కా, గుండీ ఊడిందే" అని నవ్వబోయింది గుండీ. నవ్వు సగంలోనే ఊపిరి అందలేదు. మొహం కోరాగుడ్డలా తెల్లబోయింది. వాళ్ళెక్కాల్సిన రైలు కింద నుంచే వెళ్ళిపోయింది.

ట్రయల్ ఉన్నదే తప్పు బయటపెట్టడానికి. పెట్టింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటోలు వెలుతురుకి పట్టి చూసి, మొదట కోటక్క వైపే చూసింది. జబ్బు ఊపిరితిత్తుల్లో మొదలై, అక్కడ ఆగక, చాలా దూరం పోయిందట. "విమానం మాట మర్చిపోండి. ఎంత కాలమని నన్నడక్కండి. ఉన్నన్నాళ్ళు దగ్గరుండండి" అంది. భుజం ఎత్తుపల్లాల్ని సరిచేసిన చెయ్యి, ఇంటికొచ్చాక చెల్లెలి చెప్పు వారు విప్పింది.

టికెట్లు వాపసు ఇచ్చేస్తానంది కోటక్క. గుండీ మంచం మీద నుంచే యుద్ధానికి దిగింది.

"నువ్వు వెళ్తున్నావు."

"నిన్నిలా వదిలేసి ఊరేగడానికి నాకేమైనా పిచ్చా?"

"ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు? నా మొహం చూసి ఏడుస్తావు. నాకది చూసే ఓపిక లేదు. అక్కడికెళ్ళి ఫోను చెయ్యి, నాకు చూడ్డానికేదన్నా ఉంటుంది."

"నోరు మూసుకో."

"అక్కా, ఇది ట్రయల్ అనుకో. కచ్చా కుట్టు. నువ్వు ఒకసారి చుట్టిరా. నేను లేచాక అసలుదానికి ఇద్దరం పోదాం."

ఆ అసలుది ఉండదని ఇద్దరికీ తెలుసు. గుమ్మంలో నిలబడ్డ మరిదికీ తెలుసు. పుట్టాక చెల్లెలు ఒక్కటే అడిగింది, అదీ కాదంటే ఇక అక్కెందుకు అనుకుంది కోటక్క. పెట్టె సర్దింది. గుండీ ఒక్క మాట తీసుకుంది. "సరస్సు దాకా వెళ్ళాలి. మధ్యలో తిరిగొస్తే నీతో మాట్లాడను." కోటక్క కూడా ఒకటి అడిగింది. "నేనొచ్చేదాకా నువ్వు కదలకూడదు." గుండీ మాటిచ్చింది. ఇచ్చేటప్పుడు గోడ వైపు చూసింది.

సముద్రాలు దాటి ఒంటరిగా పోయిన మొదటి మనిషి ఆ ఇంట్లో కోటక్కే. మహానగరంలో అద్దాల కప్పున్న స్టేషన్లో నిలబడి, ఫోను పైకెత్తి చెల్లెలికి చూపించింది.

"కుడివైపు తిప్పు. కాదు, నీ కుడి. అదిగో, బోర్డు. దాని కిందే నిలబడు."

"నిలబడ్డాను తల్లీ. పక్కన ఎవడో కోటేసుకున్నాడు, వెనక చీలిక వంకరగా ఉంది."

"నీకు అదే కనిపిస్తుంది. కప్పు చూపించు."

కోటల ఊరు చూసింది. చెల్లెలికి చూపించింది. మూడో ఊరికి రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని మళ్ళీ ఫోను చేసింది. గుండీ దిండ్లకి ఆనుకుని ఉంది. మొహం సగమైంది, గొంతు మాత్రం దర్జాగానే ఉంది.

"రైలు ముందు పెట్టెలో ఎక్కావా, వెనక పెట్టెలోనా?"

"ముందు. ఏదైతే ఏంటే, రైలు ఒకటేగా."

"దిగు."

"ఏంటి?"

"అక్కా, దిగు ముందు. ఆ రైలు మధ్య స్టేషన్లో రెండు ముక్కలవుతుంది. ముందు ముక్క ఇంకెక్కడికో పోతుంది. వంతెనల ఊరికి పోయేది వెనక ముక్క. లోపల్నుంచి దారి లేదు, కిందికి దిగే పోవాలి."

"నువ్వెప్పుడు చెప్పావే?"

"ఎప్పుడో చెప్పాను. నువ్వప్పుడు కాలరు తిప్పుతున్నావు."

కోటక్క పెట్టె లాక్కుంటూ ప్లాట్‌ఫారం పొడుగునా పరిగెత్తింది. చేతిలో ఫోను ఊగిపోతోంది. అందులో గుండీ, "ఇంకా వెనక్కి, ఇంకా" అని అరుస్తోంది. గార్డు తలుపు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఎక్కి కూలబడి చూస్తే, గుండీ పగలబడి నవ్వుతోంది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. ఫోను కిందపడి ఇంటి పైకప్పు కనిపించింది. తిరుగుతున్న ఫ్యాను కనిపించింది. ఎవరివో అడుగుల చప్పుడు, నీళ్ళ గ్లాసు చప్పుడు. తరవాత మరిది చెయ్యి అడ్డంగా వచ్చి ఫోను ఆగిపోయింది.

వంతెనల ఊళ్ళో ఆమె గది చెప్పుల షాపు మీద ఉంది. కిటికీ తీస్తే కొత్త తోలు వాసన. రెండో రోజు మరిది ఫోను చేశాడు. ఆయనంతట ఆయన ఫోను చెయ్యడం అదే మొదలు.

"వదినగారూ, ఎక్కువసేపు నిద్రలోనే ఉంటోంది. లేచినప్పుడల్లా మీరెక్కడి దాకా వెళ్ళారని అడుగుతోంది. సరస్సు రైలెక్కారని చెప్పేశాను."

"ఎక్కలేదుగా ఇంకా. రేపు కదా."

"రేపటి దాకా..." అంటూ ఆయన మాట మార్చాడు. "ఆమె మాట వినాలంటే ముందుకెళ్ళండి. ఆమెను చూడాలంటే వెనక్కి రండి. నేనైతే ఏదీ చెప్పలేను."

అంత పెద్ద మాట ఆయన జన్మలో అని ఎరగడు. కోటక్క సరస్సు టికెట్టు పర్సులో పెట్టేసి, నేరుగా స్టేషనుకి పోయి, కౌంటరులో మహానగరం పేరు చెప్పింది. చెల్లెలికిచ్చిన మాట తప్పడం కూడా అదే మొదలు.

రైలు కదిలాక ఫోను మోగింది. గుండీ మెలకువగా ఉంది. వీడియో వద్దంది, కళ్ళు నొప్పిగా ఉన్నాయట. గొంతు దూది లోంచి వస్తున్నట్టుంది.

"సరస్సు వచ్చిందా అక్కా?"

కిటికీ బయట దున్నిన పొలాలు, ఇటుకల గోదాములు. ఆలోపే గుండీ మళ్ళీ అడిగింది.

"ఎడమవైపేగా కూర్చున్నావు?"

"ఎడమవైపే."

"ఎలా ఉంది?"

"చాలా పెద్దది. అవతలి ఒడ్డు కనపడట్లేదే."

"రంగు?"

"బూడిదలో కాస్త నీలం కలిపినట్టు. కొండ పక్కన ఇంకా ముదురు. గాలికి మడతలు పడుతోంది."

"అయితే ఇస్త్రీ చెయ్యి" అంది గుండీ. చిన్నగా నవ్వింది. "చూస్తూ ఉండు. నాకు చెప్పనక్కర్లేదు. నువ్వు చూడు."

ఫోను పెట్టేశాక కూడా కోటక్క కిటికీలోంచి కళ్ళు తిప్పలేదు. ఎదురుగా కూర్చున్న ముసలావిడ ఆ పొలాల్లో ఏముందోనని తనూ ఒకసారి తొంగి చూసింది.

మహానగరం ఇంకా రాకముందే మరిది ఫోను చేసి చెప్పాడు. రెండు మాటల్లో చెప్పాడు. నిద్రలోనే పోయిందన్నాడు. కోటక్క "సరే" అంది. ఇంకేమంటుంది? తరవాతి జంక్షన్లో దిగింది. బోర్డు కింద నిలబడింది. పేరు పడ్డాక ప్లాట్‌ఫారం మారింది. సరైన పెట్టె చూసుకుని ఎక్కింది. కళ్ళకి ఏమీ కనిపించని ఆ పూట, మాట తెలియని దేశంలో, ఆమె ఒక్క రైలు కూడా తప్పలేదు. కోటక్క ఘనతలు రాసేవాళ్ళు ఇదీ రాయాలి. ఏడ్చింది మాత్రం మహానగరంలో దిగాక, అద్దాల కప్పు కింద, పెట్టె మీద కూర్చుని. జనం పక్కకి తప్పుకుంటూ పోయారు.

ముందు పోయే విమానాల్లో సీట్లు లేవన్నారు. ఎంత బతిమాలినా, ఎంతమంది చుట్టూ తిరిగినా, కొన్నాళ్ళ తరవాతిదే దొరికింది. మరిదికి ఫోను చేసి, తనకోసం అంత్యక్రియలు ఆపొద్దని చెప్పింది.

"మీరొచ్చేదాకా ఆమెను ఎక్కడికీ పంపను" అన్నాడాయన. "ఆస్పత్రివాళ్ళతో మాట్లాడాను, ఉంచుతామన్నారు. సరస్సు చూశారని నమ్మింది వదినగారూ. నిద్రపోయే ముందు నాక్కూడా రంగు చెప్పింది."

కోటక్క, తను చూడని నీళ్ళ రంగు తన చెల్లెలు ఏమని చెప్పిందో ఆయన్నే అడిగి విన్నది.

ఊళ్ళో షాపు మూసే ఉంది. కోట్లు తీసుకోవాల్సినవాళ్ళు వచ్చి, తాళం చూసి, సంగతి తెలుసుకుని, తల వంచుకుని పోతున్నారు. కోటక్క ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళకి మరిది ఒకటే చెబుతున్నాడు: ఫిబ్రవరి పంతొమ్మిది, గురువారం, పొద్దుటి విమానానికి.