నిమ్మరసం పడిన గాజు సెల్లు

2006 దసరా రోజులు. గుంటూరులో ఒక కాలేజీ కెమిస్ట్రీ విభాగంలో పనిచేస్తున్నాను. మిరప బస్తాల లారీలు మా గోడ పక్కగానే వెళ్ళేవి. కిటికీ తెరిస్తే తుమ్ములు, మూస్తే ఉక్కపోత. ఆ గదిలో నా దగ్గర రీసెర్చ్ చేస్తున్న రమాదేవి బ్యాటరీల కోసం కొత్త పదార్థం తయారుచేస్తోంది.

దాన్ని ఆర్గానిక్ రాడికల్ అంటారు. అణువుల్లో ఎలక్ట్రాన్లు మామూలుగా జంటలుగా ఉంటాయి. ఒంటరిగా మిగిలిన ఎలక్ట్రాన్ కుదురుగా ఉండదు, దేన్నో ఒకదాన్ని పట్టుకుని పాడైపోతుంది. రమాదేవి చేసిన రాడికల్‌లో మాత్రం అది నిశ్చింతగా ఒంటరిగా ఉంటుంది. ఆ పదార్థం ఎలక్ట్రాన్ ఇచ్చి, మళ్ళీ పుచ్చుకోగలదు కాబట్టి లోహం లేకుండానే ఛార్జ్ దాస్తుందని మా ఆశ. రంగు చక్కటి నారింజ. నెలల తరబడి తంటాలు పడితే చిటికెడు తేలింది.

మర్నాడు ఫెలోషిప్ కమిటీ వస్తోంది. వాళ్ళకి ఫలితం చూపించలేకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది, రమ చదువు ఆపేసి ఒంగోలు పక్కన ఉన్న వాళ్ళ ఊరికి వెళ్ళిపోవాలి. ఆ చిటికెడునీ నీళ్ళలో కరిగించి, పొటెన్షియోస్టాట్‌కి తగిలించిన చిన్న గాజు గిన్నెలాంటి సెల్లులో పోసింది. ఆ మెషీన్ వోల్టేజ్ మారుస్తూ, పదార్థం ఎంత కరెంటు తీసుకుని ఎంత తిరిగిస్తుందో కొలుస్తుంది.

సెలవులకి ముందే ఆయుధపూజ కానిచ్చేద్దామని, మా అటెండర్ కోటయ్య బ్రాడీపేట నుంచి నిమ్మకాయలు తెచ్చాడు. మెషీన్లన్నిటికీ బొట్లు పెట్టాడు. పొటెన్షియోస్టాట్ దగ్గరికొచ్చేసరికి భక్తి ఎక్కువైంది. "పాపం రమమ్మకి దిష్టి బాగా తగిలింది మేడమ్ గారూ" అంటూ కోసిన నిమ్మకాయని దానిమీదే గట్టిగా పిండాడు. రసం పక్కనే మూత తీసి ఉన్న సెల్లులోకి జారింది.

మేం చూస్తుండగానే నారింజ రంగు పలచబడి, రంగులేని నీళ్ళు మిగిలాయి.

"ఏవయ్యా కోటయ్యా, ఏం చేశావయ్యా!" అని అరిచాను. నా గొంతు వింటే నాకే భయమేసింది. కోటయ్య నిమ్మచెక్క పట్టుకుని కొయ్యబారిపోయాడు. "దేవుడి పనేగదమ్మా" అంటున్నాడు, కళ్ళలో నీళ్ళు. రమ మెషీన్ ఆపేసి, నోట్‌బుక్ మూసేసింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

సాయంత్రం దాకా ముగ్గురం ఏదో పని చేస్తున్నట్టు నటించాం. చివరికి రమ ఆ సెల్లుని ఊడదీసి, నీళ్ళు పారబోయడానికి సింకు దగ్గరికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"మేడమ్, ఒకసారి ఇటు రండి! పైన చూడండి, గాలి తగిలినచోట!"

పై అంచున సన్నగా నారింజ చార. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"ఇది చచ్చిపోలేదండీ" అంది. "నిమ్మకాయలోని విటమిన్ సి దీనికో ఎలక్ట్రాన్, ఓ హైడ్రోజన్ ఇచ్చింది. గాలి వాటిని లాగేసుకుంటోంది. మా నాన్న మిరపకి కొట్టే మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, ఉంటే ఇంకా త్వరగా లాగుతుంది."

రసంలో పులుపు పోయేదాకా కాస్త సోడా ఉప్పు వేసింది. ల్యాబ్‌లో ఉన్న మైలుతుత్తం చిటికెడు కలిపి, జువాలజీ వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చిన చేపల తొట్టి పంపుతో గాలి కొట్టింది. రంగు మెల్లమెల్లగా తిరిగి వచ్చింది. కోటయ్య రెండు చేతులూ జోడించాడు. నాకూ జోడించాలనే అనిపించింది.

మర్నాడు కమిటీ పెద్దాయన, "ఈ పదార్థం తట్టుకుంటుందా అమ్మాయ్?" అన్నారు. రమ ఆ నారింజ నీళ్ళు కొంచెం విడిగా తీసి, ఆయన ఎదుటే నిమ్మరసం పిండింది. ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "పాడు చేశావేంటమ్మా!" అంటుంటే రమ పంపు స్విచ్ వేసింది. బ్యాటరీలో ఇది ముందు ఎలక్ట్రాన్ ఇస్తుందని, ఇక్కడ ముందు పుచ్చుకుందని, అయినా అణువు విరక్కుండా ఇచ్చిపుచ్చుకోగలదని ఇది చూపిస్తోందని చెప్పింది. రంగు వచ్చేదాకా ఆయన కూర్చోలేదు. ఫెలోషిప్ కొనసాగింది.

ఆ తర్వాత నా దగ్గర ఏ విద్యార్థి శాంపిల్ పోయిందని ఏడ్చినా, సాయంత్రం దాకా సింకు దగ్గరికి వెళ్ళనివ్వలేదు. కోటయ్య మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. దిష్టి పోబట్టే రంగొచ్చిందంటాడు.