ఎడమ పెట్టెలో మగగొంతులు

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం మూలంగా మా బడి మూతపడింది. పరీక్షలు ఎప్పుడో, అసలు ఉంటాయో ఉండవో ఎవరికీ తెలియదు. ఇంట్లో కూర్చుని అందరి మీదా చిటపటలాడుతున్నాను. నగరంలో రోజుకో బంద్. దాంతో ఒక వ్యాపారి తన దుకాణంలో పెట్టాల్సిన స్టీరియోల ప్రదర్శనను మొయినాబాద్‌లో పటేల్ గారి బంగళాకు మార్చాడు. ఆ ఇంటి హార్మోనియం బాగుచేసేది మా బాపే కాబట్టి మాకూ కబురొచ్చింది. చేవెళ్ల నుంచి సైకిల్ మీద వెళ్లాం.

హాలు నిండా పెద్దమనుషులు సోఫాల్లో కూర్చున్నారు. ఎదుటి గోడకు అటొకటి, ఇటొకటి నడుమెత్తు స్పీకర్ పెట్టెలు. మేమిద్దరం గుమ్మం పక్కన నిలబడ్డాం. విదేశీ చర్చి గాయకుల రికార్డు పెట్టారు. అబ్బ, ఏం పాట! మనుషులు ఎదురుగా వచ్చి పాడుతున్నట్టే ఉంది. ఎడమ పెట్టెలోంచి మగగొంతులు, కుడి పెట్టెలోంచి ఆడగొంతులు. నాకు ఒళ్లు జలదరించింది.

బాపు మాత్రం మొహం చిట్లించాడు. పాట ఆగగానే, "పటేలా, ఆడోళ్లు కుడిదిక్కు కూసున్నరు. తప్పు గద?" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. మా చర్చిలో వేదికకు ఎదురుగా చాపల మీద ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు కూర్చుంటారు. లోకంలో చర్చిలన్నీ అంతేనని బాపు నమ్మకం.

"పెద్దాయనా, ఇది విలాయతి మిషన్. మీ ఊరి భజన కాదు," అన్నాడు వ్యాపారి.

"హార్మోనియం ఇప్పేటోనికి గియన్ని ఎందుకయ్యా?" అన్నాడు పటేల్.

ఇక ఆ ఇంటి పని పోయినట్టే అనుకున్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. మెల్లగా జరిగి పటేల్ ఇంటి ఆడపిల్లల్లో కలిసిపోయాను.

బాపు తగ్గలేదు. "నా చెవులు అబద్ధం చెప్పయి. జర చూడుండ్రి," అన్నాడు.

వ్యాపారి విసుగ్గా రికార్డు అట్ట చూపించబోయి ఆగిపోయాడు. దాని మీది ఫొటోలో గాయకుల్లో ఆడవాళ్లు ఎడమవైపే నిలబడి ఉన్నారు. పెట్టెల వెనక్కి వెళ్లి వంగి చూశాడు. తీగలు అటువి ఇటు, ఇటువి అటు తగిలించి ఉన్నాయట. సరిచేసి మళ్లీ పెట్టాడు. ఆడగొంతులు ఎడమవైపు నుంచి వచ్చాయి.

"పొద్దున్నుంచి ఇంతమంది విన్నారు, ఒక్కరూ పట్టుకోలేదు," అంటూ వచ్చి బాపుకు చేయి కలిపాడు.

"మా మనిషి చెవులంటే ఏమనుకున్నవ్ మరి!" అని పటేల్ మీసం దువ్వాడు. ఇందాక అందరికంటే ముందు నవ్విందీ ఆయనే.

వ్యాపారి అట్టను దగ్గర్లో ఉన్న నా చేతికిచ్చి, "మీ అమ్మాయేనా?" అని పటేల్‌ను అడిగాడు.

"కాదు. ఆయన మా బాపు," అన్నాను హాలంతా వినిపించేలా.

బాపు నవ్వాడు. "మరి గంత దూరం వోయి నిలవడ్డవేంది బిడ్డా?" అన్నాడు.

తల వంచుకుని వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.