అజ్మత్ అలీ లెక్కలో కంబళి

అజ్మత్ అలీ ఒక పాత తాలూకా జైల్లో ఇరవై రెండేళ్లు వార్డరు. జైలు ఎప్పుడో మూతపడింది. ఆయన అమీర్‌పేటలో ఒంటి గదికి చేరాడు. 1986లో ప్రభుత్వానికి ఉన్నట్టుండి ఆ జైలు మీద ప్రేమ పుట్టి, కాపాడాల్సిన పాత కట్టడాల జాబితాలో చేర్చింది. లోపల మనుషులున్నన్నాళ్లు కారే కప్పుకు ఒక్క పెంకు వేయించని ప్రభుత్వమే.

చరిత్ర రాయడానికి పంజాగుట్ట ఆఫీసు నుంచి అచ్యుతరావు అనే అధికారి ఆయన గదికి వచ్చాడు. టైపు కొట్టడానికి నన్ను వెంట తెచ్చుకున్నాడు. బూట్లు విప్పకుండానే గోడల మందం అడిగాడు.

"పెద్ద నాయకులెవరైనా అక్కడ ఉన్నారాండీ?"

"యాడి నాయకులు సాబ్? మేకల దొంగలు, కల్లు తాగి తన్నుకున్నోళ్లు. సారయ్య అని ఒకడుండె, రాస్కోండ్రి."

అచ్యుతరావు మొహం వెలిగింది. "పారిపోబోయి బావిలో పడ్డవాడేగా! ఫైల్లో ఉంది. జనానికి భలే నచ్చుతుంది."

"పారిపోలే. పన్నెండు దినాలల్ల ఇడుదలైతుంటే ఎవడు పారిపోతడు? జర ఇనుండ్రి."

సాయంత్రం ఖైదీలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, జోడీలు లెక్కపెట్టి తాళం వెయ్యడం అక్కడి పద్ధతి. ఆ రోజు చివరి జోడీలో ఒక్కడే ఉన్నాడు. పక్కన చుట్టిన కంబళి. జైలరు తొందరపెడుతున్నాడు. అజ్మత్ అలీ కంబళిని మనిషి కింద లెక్కేసి "సబ్ ఠీక్" అని అరిచాడు. బావిలో పూడిక తీయడానికి దిగిన సారయ్య అప్పటికింకా పైకి రాలేదు. పొద్దున శవం తేలింది. లెక్క సరిపోయింది గనక, రాత్రి తప్పించుకోబోయి పడ్డాడని పెద్దలు రాసేశారు. అజ్మత్ అలీ నోరు విప్పలేదు. ముప్పై అయిదేళ్లు! అంత పిరికితనం నేనెక్కడా చూడలేదు.

"సారయ్య పెండ్లాం బుచ్చమ్మ బోరబండలనే ఉన్నది. గిప్పటికీ పారిపోయినోని పెండ్లామనే అంటరు. తప్పు నాదని రాయుండ్రి సాబ్."

"ఏంటండీ ఇది? కట్టడం గురించి రాస్తుంటే కంబళి గోలేంటి? సంతకం పెట్టండి."

"పారిపోయిండని రాస్తే పెట్ట."

అచ్యుతరావు కాగితాలు లాక్కుని, కింద 'స్థానికుల కథనం' అని తనే రాసుకుని పోయాడు. పుస్తకం అచ్చయింది: కమానుల ఫొటోలు, గోడల మందం, ఒక ఖైదీ సాహసం.

అజ్మత్ అలీ నాతో తన తప్పంతా టైపు కొట్టించి, ఉర్దూలో సంతకం చేసి, బోరబండ బయల్దేరాడు. నేనూ వెళ్లాను. బుచ్చమ్మ అంతా విన్నది. కాగితం మాత్రం ముట్టుకోలేదు.

"గిది నేనేం జేసుకోవాలె? నీళ్ల నల్లా కాడ అందరున్నరు. ఆడికొచ్చి నీ నోటితోని చెప్పు."

ఆయన నా వైపు చూశాడు. నేను కదల్లేదు. ఒక్కడే వెళ్లి, బిందెల మధ్య నిలబడి, గొంతు సవరించుకున్నాడు.